పాత ట్యూబ్ టీవీలో మాట ముందు, బొమ్మ తర్వాత: తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

స్విచ్ వేయగానే వార్తలు వినిపిస్తాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. రెండు నిమిషాలకో పది నిమిషాలకో బొమ్మ వస్తుంది. వచ్చాక మళ్లీ కట్టేసేదాకా ఏ ఇబ్బందీ ఉండదు. ఇలాంటి సెట్టును చూడగానే "ట్యూబ్ వీక్ అయింది" అనేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ ట్యూబ్ మెడలో వేడి పుట్టించే తీగకు, అంటే హీటర్‌కు, కరెంటు వెళ్లే దారిలో ఒక సోల్డర్ అతుకు పగిలినా, మెడ కొసకు తగిలే సాకెట్‌లో, అంటే ట్యూబ్ బేస్‌లో, తుప్పు చేరినా, ఒక కండెన్సర్ (కరెంటును నిలవచేసే చిన్న డబ్బా) ఎండిపోయినా బయటికి కనిపించేది ఇంచుమించు ఇదే. విశాఖలో ఈ రెండో రకం తప్పులకు చోటెక్కువ. పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, భీమిలి వైపు ఇళ్లల్లోకి ఉప్పుగాలి నేరుగా వస్తుంది. వన్‌టౌన్, మల్కాపురం వైపు పోర్టు నుంచి వచ్చే నల్లదుమ్ము సరేసరి. అందుకని ట్యూబ్ మీద తీర్పు చివర్లో చెప్పాలి, మొదట్లో కాదు.

మూత విప్పకముందు

గడియారం పెట్టుకుని చూడండి. బాగున్న 21 అంగుళాల కలర్ సెట్టులో మాట రెండు మూడు సెకన్లలో, బొమ్మ 5 నుంచి 15 సెకన్లలో వస్తాయి. అరనిమిషం దాటితే ఏదో తేడా ఉన్నట్టే. రాత్రంతా చల్లగా ఉన్న సెట్టును పొద్దున్నే వేసి చూసిన లెక్కే లెక్క. గంట క్రితం కట్టేసిన సెట్టు మీద చేసిన పరీక్ష దేనికీ పనికిరాదు.

తర్వాత సెట్‌టాప్ బాక్స్‌ను పక్కన పెట్టాలి. విశాఖలో కేబుల్ 2013 నుంచీ డిజిటల్, కాబట్టి పాత సెట్లు దాదాపు అన్నీ ఆడియో-వీడియో (ఏవీ) వైర్ల మీదే నడుస్తున్నాయి. బాక్స్ లేవడానికే ఒక నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కొత్త బాక్స్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉండి మధ్యలో కన్వర్టర్ పెట్టుకున్నవారికి ఆ ఆలస్యమూ తోడవుతుంది. దీన్ని విడదీయడానికి టీవీ సొంత మెనూ చాలు. చల్లటి సెట్టు వేసి, 20 సెకన్లు ఆగి, టీవీ రిమోట్‌లో మెనూ నొక్కండి. అక్షరాలు వెంటనే కనిపిస్తే టీవీలో దాదాపు దోషం లేనట్టే, ముందు చూడాల్సింది బాక్స్, కన్వర్టర్, బొమ్మను తెచ్చే పసుపు వైరు. అక్షరాలు కూడా బొమ్మతో పాటే ఆలస్యంగా వస్తే తప్పు టీవీలోనే.

మూడోది, తెర నల్లగా ఉన్నప్పుడే చేతిని తెరకు దగ్గరగా పెట్టండి. సన్నగా చిటపట వినిపించి, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే హై వోల్టేజ్ వచ్చినట్టే. అంటే దాన్ని పుట్టించే లైన్ విభాగం పనిచేస్తోంది. ఇక వెతకాల్సింది హీటర్, స్క్రీన్ వోల్టేజ్ (తెర వెలుగు మోతాదును నిర్ణయించేది), వీడియో వైపు. చిటపట బొమ్మతో పాటే ఆలస్యంగా వస్తే దారి వేరు, పవర్ సప్లై, లైన్ విభాగం చూడాలి.

బొమ్మ వచ్చే తీరు

ఎంతసేపటికి వస్తుందన్నదాని కంటే ఎలా వస్తుందన్నది ఎక్కువ చెబుతుంది.

నల్లటి తెర మీద ఒక్కసారిగా నిండు బొమ్మ పడితే, లేదా అంతకుముందు ఒక రంగు లోపించినట్టు కొన్ని సెకన్లు కనిపిస్తే, అది సెట్టు తనే బొమ్మను ఆపి ఉంచిన లక్షణం. దీని సంగతి కింద వివరంగా ఉంది. మసకగా మొదలై మెల్లగా వెలుగు పుంజుకుంటే గన్ (ట్యూబ్ మెడలో ఉండి తెర మీదికి ఎలక్ట్రాన్లు చిమ్మేది, రంగుకొకటి) చాలినంత వేడెక్కడం లేదు. అప్పుడు రంగు చూడండి: ఎరుపు గన్ వెనకబడితే బొమ్మ నీలిపచ్చగా, ఆకుపచ్చ వెనకబడితే ఊదారంగులో, నీలం వెనకబడితే పసుపుగా కనిపిస్తుంది. ఒకే రంగు ఆలస్యమైతే ఆ గన్, లేదా ఆ రంగు వీడియో ట్రాన్సిస్టర్. మూడు రంగులూ ఒకే తీరుగా ఆలస్యమైతే హీటర్ దారి మీదే ముందు అనుమానం.

వెలుగు వెంటనే వచ్చి, బొమ్మ మాత్రం అలుక్కుపోయినట్టు ఉండి, పదిహేను ఇరవై నిమిషాలకు తేటపడితే అది బొమ్మను తేటగా నిలిపే ఫోకస్ వోల్టేజ్ లోపం. తెల్ల అక్షరాల కుడివైపు తోకల్లా సాగి, వేడెక్కాక తగ్గితే వీడియో ఆంప్లిఫయర్‌కు వెళ్లే 180–200 వోల్టుల దగ్గరి కండెన్సర్ ఎండిపోయింది. అడ్డంగా ఒక్క తెల్లగీత వచ్చి, లేదా పైభాగం మడతపడి, తర్వాత విచ్చుకుంటే బొమ్మను పైకీ కిందికీ పరిచే వర్టికల్ విభాగం. మాటా బొమ్మా రెండూ లేక, ఎర్రలైటు కొట్టుకుంటూ టిక్ టిక్‌మని చాలాసేపటికి లేస్తే పవర్ సప్లై. కొన్ని కంపెనీల సెట్లు ఎర్రలైటును లెక్కపెట్టి మరీ ఆర్పుతాయి. ఎన్నిసార్లు ఆరిందో రాసుకుని ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూస్తే సగం పని తప్పుతుంది.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేవారు కూడా ఈ తీరును ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్లాలి. ఆటోలో ఊగి, దుకాణంలో ఒకసారి వేడెక్కిన సెట్టు అక్కడ తప్పు చూపించదు.

మూత విప్పేముందు

ఇక్కడినుంచి ప్రాణానికి సంబంధించిన పని. సోల్డరింగ్, మల్టీమీటర్ చేతికి అలవాటు లేనివారు పైన చెప్పినంతవరకే చేసి ఆగాలి.

ప్లగ్ తీసేశాక కూడా రెండు చోట్ల కరెంటు నిలిచి ఉంటుంది. ఒకటి పవర్ సప్లైలోని 400 వోల్టుల పెద్ద కండెన్సర్. 230 వోల్టుల కరెంటుకి అది 320 వోల్టుల పైదాకా చార్జ్ అవుతుంది. దాని రెండు కాళ్ల మధ్య 4.7 కిలోఓముల, 10 వాట్ల రెసిస్టెన్స్‌ను ఇన్సులేషన్ ఉన్న వైర్లతో పదిసెకన్లు తగిలించి, మీటర్‌తో సున్నా చూసుకోవాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే కండెన్సరూ దెబ్బతింటుంది, రాగిపూతా లేచిపోతుంది. రెండోది ట్యూబ్. దాని పక్కన ఉండే రబ్బరు టోపీ (ఏనోడ్ క్యాప్) కింద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ఒక క్లిప్ వైరును ట్యూబ్ వెనక నల్లపూత మీదుగా వెళ్లే జడలాంటి ఎర్త్ తీగకు తగిలించి, రెండో కొసను పొడవాటి స్క్రూడ్రైవర్‌కు కట్టి, దాని మొనను రబ్బరు టోపీ కిందికి జరపాలి. ఎర్త్ కోసం బోర్డు మీద ఏదో ఒక చోట పట్టుకోకండి, ఐసీలు పోతాయి. ఐదు నిమిషాలాగి మళ్లీ ఒకసారి చేయాలి, ట్యూబ్ గాజు కొంత చార్జ్‌ను తిరిగి పోగుచేసుకుంటుంది.

ట్యూబ్ మెడ చాలా పెళుసు. బేస్ బోర్డును పక్కలకు ఊపకుండా నేరుగా వెనక్కి లాగాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, రబ్బరు చెప్పులు వేసుకోండి. సెట్టు నడుస్తుండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులోనే ఉండాలి, ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. తుపాను ముసురులో, తడి గచ్చు మీద ఈ పని వద్దు.

ముందు దుమ్ము

శుభ్రం చేయకుండా ఏదీ కొలవద్దు. మెత్తటి బ్రష్‌తో, బ్లోయర్‌తో దుమ్ము తీసి, ఏనోడ్ టోపీ చుట్టూ గాజును పొడిగుడ్డతో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పోర్టు వైపు ఇళ్లల్లో ఇక్కడ చేరేది మామూలు దుమ్ము కాదు. బొగ్గుపొడి కలిసిన మసి కరెంటును కొంత పోనిస్తుంది, వానాకాలం తేమ తోడైతే హై వోల్టేజ్ దాని మీదుగా లీకవుతుంది. చీకట్లో ఊదారంగు మెరుపు, బుస్సుమనే శబ్దం, ఘాటైన వాసన దీని గుర్తులు. పెట్రోలు, కిరసనాయిలుతో తుడవడం మానండి. శుభ్రం చేశాక కనీసం గంట ఆరనివ్వాలి.

బోర్డుల మధ్య కనెక్టర్లను ఒక్కొక్కటిగా లాగి పెట్టండి. పిన్నులు ఆకుపచ్చగా ఉంటే ఆల్కహాల్‌తో రుద్దాలి. సముద్రం పక్క ఇళ్లలో సగం కేసులు ఇక్కడే తేలిపోతాయంటే ఆశ్చర్యం లేదు.

హీటర్, ఆరు వోల్టుల బ్యాటరీ పరీక్ష

కలర్ ట్యూబ్ హీటర్‌కు కావలసింది 6.3 వోల్టులు. అది హై వోల్టేజ్ పుట్టించే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని చిన్న చుట్ట నుంచి ఒక రెసిస్టెన్స్ గుండా వస్తుంది. దారిలో ఎక్కడ నిరోధం పెరిగినా గన్ చల్లబడుతుంది. నిరోధం పెరిగే చోట్లు నాలుగు: ఫ్లైబ్యాక్ కాళ్ల చుట్టూ ఉంగరంలా పగిలిన సోల్డర్, వేడికి నల్లబడిన రెసిస్టెన్స్, కనెక్టర్, ట్యూబ్ బేస్ సాకెట్‌లో హీటర్ పిన్నులు. సన్నమెడ ట్యూబుల్లో హీటర్ సాధారణంగా 9, 10 పిన్నులు, అయినా బేస్ బోర్డు మీది గుర్తులు చూసుకోవాలి. భూతద్దంతో చూసి ఈ నాలుగు చోట్లా పాత సోల్డర్ పీల్చేసి, ఫ్లక్స్ పెట్టి కొత్తది పోయండి. పాతదాని మీదే కాస్త కరిగించి వదిలేస్తే మూడు నెలలకు మళ్లీ పగులుతుంది.

రెసిస్టెన్స్ విలువ ఒకటి రెండు ఓముల లెక్కలో ఉంటుంది కాబట్టి ఒక కాలు లేపి కొలవాలి, మీటర్ వైర్ల సొంత నిరోధాన్ని తీసేయాలి. రెండు ప్రోబులు కలిపితే 0.4 చూపిస్తే, వచ్చిన లెక్కలోంచి 0.4 తగ్గించండి.

ఇక వోల్టేజ్ కొలవడం దగ్గర చాలామంది మోసపోతారు. అక్కడ ఉన్నది ఇంటి కరెంటులాంటి 50 హెర్ట్జ్ కాదు, సెకనుకు 15,625 సార్లు వచ్చే పల్సులు. మామూలు మల్టీమీటర్ ఏసీలో పెడితే బాగున్న సెట్టులోనూ తక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి హీటర్ వోల్టేజ్ పడిపోయిందని రెసిస్టెన్స్ మార్చేస్తే ట్యూబ్ ఆయుష్షు తీసినట్టే.

దీనికి మీటర్ కంటే నమ్మకమైన సాధనం ఎమర్జెన్సీ లైటులో ఉండే 6 వోల్టుల, 4.5 ఏహెచ్ బ్యాటరీ. నిండా చార్జ్ అయినది 6.2–6.4 వోల్టులు ఇస్తుంది, హీటర్‌కు అదే సరిపోతుంది. చార్జర్‌కు తగిలించి మాత్రం వాడొద్దు, అప్పుడు వోల్టేజ్ ఏడు దాటుతుంది.

సెట్టు కట్టేసి, డిస్చార్జ్ చేశాక, హీటర్ రెసిస్టెన్స్ ఒక కాలు బోర్డు నుంచి లేపండి. ఇది తప్పనిసరి. లేపకపోతే ఫ్లైబ్యాక్ చుట్ట బ్యాటరీని షార్ట్ చేస్తుంది. తర్వాత బేస్ బోర్డు మీద రెండు హీటర్ పిన్నులకు రెండు వైర్లు సోల్డర్ చేసి, ఒకదానిలో 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి బ్యాటరీకి కలపండి. ప్లస్ మైనస్ ఎటున్నా ఫరవాలేదు. సన్నమెడ ట్యూబ్ సుమారు 0.3 ఆంపియర్లు, లావుమెడ ట్యూబ్ 0.6–0.7 ఆంపియర్లు తీసుకుంటుంది. మెడలో నారింజరంగు వెలుగు కనిపించాలి. సెట్టు నడుస్తున్నంతసేపూ ఆ బ్యాటరీని షాక్ కొట్టే వస్తువుగానే చూడాలి, చెయ్యి పెట్టకూడదు.

పరీక్ష రెండు విడతలు. మొదటిసారి, సెట్టు మామూలుగా ఎన్ని నిమిషాలు ఆలస్యం చేస్తుందో అన్ని నిమిషాలు బ్యాటరీతో హీటర్‌ను ముందే వెలిగించి, అప్పుడు టీవీ వేయండి. బొమ్మ వెంటనే వస్తే ఆలస్యమంతా గన్ వేడెక్కడంలోనే ఉంది. అయినా ఆలస్యంగానే వస్తే హీటర్‌కు, గన్‌కు సంబంధం లేదు. వీడియో వైపు, కండెన్సర్ల వైపు వెళ్లండి. రెండోసారి, ట్యూబ్ పూర్తిగా చల్లారాక, బ్యాటరీనీ టీవీనీ ఒకేసారి వేయండి. ఇప్పుడు బొమ్మ పదిహేను సెకన్లలో వస్తే ట్యూబ్ నిక్షేపంగా ఉంది, దానికి వేడి అందించే దారే పాడైంది. బ్యాటరీ మీద కూడా నిమిషాలు పడితే, అప్పుడు ట్యూబ్ వీక్ అని నమ్మవచ్చు.

సెట్టు తనే బొమ్మను ఆపి ఉంచినప్పుడు

1990ల నుంచి వచ్చిన చాలా కలర్ సెట్లలో ప్రధాన ఐసీ మూడు గన్లనూ బొమ్మ గీసే ప్రతి విడతలోనూ పరీక్షిస్తుంది. తెర పైఅంచు దాటి, కనిపించని చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్క గీత వేసి, తిరిగొచ్చే అతిచిన్న కరెంటును కొలుస్తుంది. ఆ కరెంటు వచ్చేదాకా బొమ్మను నల్లగా ఆపేస్తుంది. దీన్నే ఆటో కటాఫ్ అంటారు. మూడింటిలో ఒక్క గన్ వెనకబడినా మిగతా రెండూ దానికోసం ఆగాలి. అందుకే బొమ్మ ఒక్కసారిగా దిగుతుంది.

ఆ కరెంటు కబురు తిరిగొచ్చేది ఒకే తీగ మీద. వీడియోను పెంచే టీడీఏ 6107 ఐసీ ఉన్న బేస్ బోర్డులో అది ఐదో కాలు. అక్కడినుంచి ప్రధాన ఐసీ దాకా సోల్డర్, కనెక్టర్, మధ్యలో చిన్న రెసిస్టెన్సులు మీటర్‌తో కంటిన్యుటీ చూడండి. ఆరో కాలుకు 200 వోల్టులు ఉంటాయి, పక్కపక్కనే. సెట్టు నడుస్తుండగా అక్కడ ప్రోబ్ జారితే ఐసీతో పాటు ప్రధాన ఐసీ కూడా పోతుంది, కాబట్టి కట్టేసే కొలవాలి.

ఆపి ఉంచినది ఇదేనని తేల్చుకోవడానికి స్క్రీన్ కంట్రోల్ వాడవచ్చు. ఫ్లైబ్యాక్ మీద రెండు తిప్పుడు బిళ్లల్లో సాధారణంగా పైది ఫోకస్, కిందది స్క్రీన్. ముందు మార్కర్‌తో గీత పెట్టుకోండి. తెర నల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో స్క్రీన్‌ను కొంచెం పెంచితే, ఏటవాలు గీతలతో తెల్లటి వెలుగు వస్తుంది. వచ్చిందంటే హై వోల్టేజ్, డిఫ్లెక్షన్ (కిరణాన్ని తెరంతా తిప్పేది) బాగున్నాయి, గన్ కూడా ఎంతోకొంత వేడెక్కింది, బొమ్మను ఆపుతున్నది ఆటో కటాఫ్ లేదా వీడియో. వెంటనే గీత దగ్గరికి తిప్పేయాలి.

దీన్నే మరమ్మతుగా చలామణీ చేసేవారున్నారు. స్క్రీన్ పెంచేసి "బొమ్మ వచ్చేసింది" అని మూత బిగిస్తారు. నిజమే, రావడం తొందరగా వస్తుంది. నలుపు బూడిదరంగుకు మారుతుంది, గీతలు కనిపిస్తాయి, అసలే నీరసించిన గన్ మీద భారం పెరుగుతుంది. వీక్ ట్యూబ్ అని బ్యాటరీ పరీక్షలో తేలాక, బిళ్లను వెంట్రుకవాసి పెంచడం వరకు తప్పులేదు. మొదటి పనిగా మాత్రం కాదు.

ట్యూబ్ బేస్

ఫోకస్ ఆలస్యంగా కుదిరే సెట్టులో ఫ్లైబ్యాక్ కొనకముందు బేస్ సాకెట్ మార్చండి. ఫోకస్ పిన్ను చుట్టూ సాకెట్ లోపల చిన్న స్పార్క్ గ్యాప్ (వోల్టేజ్ మితిమీరితే నిప్పురవ్వగా దాటిపోయే సందు) ఉంటుంది. ఉప్పుగాలికి అక్కడ ఆకుపచ్చ చిలుము పడుతుంది. కొన్ని వేల వోల్టుల ఫోకస్ దాని మీదుగా లీకై పడిపోతుంది. సెట్టు వేడికి తేమ ఆరాక నిలబడుతుంది. వానాకాలంలో ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ అయితే ఇదే. హుద్‌హుద్ లాంటి తుపానులో కిటికీ పగిలి వాన కొట్టిన సెట్లు ఎండబెట్టాక నడిచినా, ఈ సాకెట్లో ఉప్పు మిగిలిపోతుంది. కడిగి వాడటం కొన్ని వారాల ముచ్చటే.

డాబాగార్డెన్స్ వైపు విడిభాగాల దుకాణాలకు పాత సాకెట్ పట్టుకునే వెళ్లండి. సన్నమెడ 22.5 మిల్లీమీటర్లు, లావుమెడ 29.1 మిల్లీమీటర్లు, ఒకదాని సాకెట్ ఇంకోదానికి పట్టదు. పిన్నుల సంఖ్య, ఫోకస్ వైరు దూర్చే చోటు కూడా సరిపోల్చాలి.

కండెన్సర్లు

పైన ఏదీ కాకపోతే ఎండిన ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు. తల ఉబ్బినవి కనిపిస్తాయి, ఉబ్బకుండా ఎండినవే ఎక్కువ. హెయిర్ డ్రయ్యర్ ఉంటే, చల్లటి సెట్టులో ఒక్కో భాగాన్నే అరచేయి దూరం నుంచి ఒక నిమిషం వేడిచేసి వెంటనే వేసి చూడండి. ఏ భాగం వేడెక్కినప్పుడు బొమ్మ తొందరగా వచ్చిందో అక్కడి కండెన్సర్లే మార్చాలి. ఎక్కువగా పోయేవి: పవర్ ఐసీ పక్కన 22 లేదా 47 మైక్రోఫారడ్, 50 వోల్టులది, మెయిన్ సప్లైకి 100 మైక్రోఫారడ్, 160 వోల్టులది, వీడియో సప్లైకి 10 లేదా 22 మైక్రోఫారడ్, 250 వోల్టులది, వర్టికల్ ఐసీ దగ్గర వెయ్యి మైక్రోఫారడ్ లోపువి. అంకె బోర్డు మీద ఉన్నదే వేయాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం. మైనస్ చార తిరగబడితే పేలుతుంది. పవర్ సప్లైలో చెయ్యి పెట్టాక మొదటిసారి వంద వాట్ల పాతరకం బల్బును సిరీస్‌లో పెట్టి వేయండి. బల్బు ఒకసారి వెలిగి తగ్గితే సరే, నిండుగా వెలుగుతూ ఉంటే షార్ట్ ఉంది.

ట్యూబే వీక్ అయితే

రెండు మూడు నిమిషాల ఆలస్యం, తర్వాత బొమ్మ బాగుంటే ఏమీ చేయకపోవడమే మంచి వైద్యం. కావలసిన కార్యక్రమానికి కాస్త ముందు వేసుకుంటే సరి. ఐదారు నిమిషాలు దాటితే హీటర్ రెసిస్టెన్స్ తగ్గించి చూడవచ్చు: 0.3 ఆంపియర్ల ట్యూబుకు ఒక ఓము తగ్గిస్తే సుమారు 0.3 వోల్టులు పెరుగుతుంది. మొత్తం 6.9 దాటనివ్వొద్దు. కొన్ని నెలలు, అదృష్టం బాగుంటే ఇంకొంత కాలం నడుస్తుంది, ఆ తర్వాత ఇదివరకటి కంటే త్వరగా నీరసిస్తుంది. రెజువినేటర్ అనే పరికరంతో గన్‌ను కాల్చి లేపడం జూదమే. లేవచ్చు, లేదా హీటర్, కాథోడ్ (గన్‌లో ఎలక్ట్రాన్లు వెలువడే చోటు) ఒకదానికొకటి అంటుకుని తెరంతా ఒకే రంగులో నిలిచిపోవచ్చు. ఎలాగూ పారేసేదైతేనే ఒప్పుకోండి.

పారేసే సెట్టును రాగి కోసం పగలగొట్టేవారికి ఇవ్వకండి. లోపల శూన్యం, ట్యూబ్ పగిలితే గాజు ఎగిరిపడుతుంది. వెనకభాగం గాజులో సీసం ఉంటుంది. ఈ-వ్యర్థాలకు అనుమతి ఉన్నవారికి ట్యూబ్‌ను పగలగొట్టకుండా అప్పగించండి. మూత బిగించే ముందు ఫ్లైబ్యాక్, యోక్ (ట్యూబ్ మెడ మీది రాగిచుట్ట), బేస్ బోర్డు పనికొచ్చేలా ఉంటే తీసి ఉంచుకోవచ్చు, ట్యూబ్‌ను డిస్చార్జ్ చేశాకే.